దిగిన ఫొటో, తీసిన ఫొటో

రెండేళ్ల కింద పదో తరగతి పిల్లల పరీక్ష దరఖాస్తులకు ఫొటోలు కావలసి వచ్చాయి. పట్నం నుంచి ఒక ఫొటోగ్రాఫర్‌ను పిలిపించాం. అతను వరండాలో తెల్ల దుప్పటి కట్టి, ఆడపిల్లలను వరుసగా నిలబెట్టి, గంటలో నలభైమందిని పూర్తి చేశాడు. గడ్డం పైకెత్తు, కళ్లు ఇటు, అయిపోయింది, తర్వాత ఎవరు. రెండు రోజులకు ఫొటోలు వచ్చాయి. కవర్లు పంచుతుంటే ఒక అమ్మాయి తన ఫొటోను తిప్పి తిప్పి చూసి తెచ్చి మా బల్ల మీద పెట్టింది. "మేడం, గిది నా లెక్క లేదు" అన్నది. చూశాం. నిజమే. ముఖం పిండి అద్దినట్టు తెల్లబడింది. ముక్కు పక్కన ఉండే పుట్టుమచ్చ లేదు. నుదుటి మీది పచ్చబొట్టు మాయమైంది. మిగతా ఫొటోలూ అంతే. నలభైమందీ ఒకే తల్లి కడుపున పుట్టినట్టు ఉన్నారు. ఫోన్ చేస్తే అతను నొచ్చుకున్నాడు. "మంచిగ రావాలనే చేసిన మేడం, దానికి పైసలు కూడా ఎక్కువ అడగలే" అన్నాడు.

అతనిలో చెడ్డ ఉద్దేశం లేదు. ఆడపిల్ల ఫొటో మంచిగా రావడమంటే తెల్లగా రావడమేనని అతను పని నేర్చుకున్నచోటనే నేర్చుకున్నాడు. మమ్మల్ని బాధపెట్టింది అతను కాదు. ఆ ఒక్క అమ్మాయి తప్ప మిగతా ముప్పై తొమ్మిదిమంది ఏమీ అనలేదు. కొందరు సంబరపడ్డారు కూడా. ఒకమ్మాయి ఆ ఫొటోను ఇంకో నాలుగు కాపీలు తీయించుకుంటానని అడిగింది.

మన మాటలో ఒక సంగతి ఉంది. కెమెరా పట్టినవాళ్లు ఫొటో తీస్తారు. ఎదురుగా నిలబడినవాళ్లు ఫొటో దిగుతారు. "జాతరల ఫొటో దిగినం", "పెళ్లిల ఫొటో దిగినం" అంటాం. బాయిలోకి దిగినట్టు, పొలంలోకి దిగినట్టు, ఫొటోలోకి దిగే మనిషి తన ఇష్టంతో, తన కాళ్లతో దిగుతుంది. ఆ పనికి ఆమే కర్త. తీయడంలో కర్త అవతలివాడు. మన స్త్రీల ఫొటోలు నూటయాభై ఏళ్ల నుంచి వేలకొద్దీ ఉన్నాయి. వాటిలో తీసినవి ఎన్ని, దిగినవి ఎన్ని అని చూడడానికే ఈ వ్యాసం.

ఇది ఇప్పుడెందుకు అని అడగవచ్చు. ఈమధ్య పెద్ద నగరాల్లో ఒక రకం ఫొటోగ్రఫీ పెరుగుతున్నది. కాన్పు తర్వాత, పెద్ద ఆపరేషన్ తర్వాత, యాభై ఏళ్లు నిండిన తర్వాత, తమ ఒంటి మీద తమకు పోయిన నమ్మకాన్ని తిరిగి తెచ్చుకోవడానికి స్త్రీలు డబ్బులు కట్టి ఫొటోలు దిగుతున్నారు. దీని వెనుక ఒక పోరాటం ఉంది. 1969లో అమెరికాలో లావుగా ఉన్నవాళ్ల మీద చూపే వివక్షకు వ్యతిరేకంగా ఒక సంఘం ఏర్పడింది. అలాంటి కదలికల నుంచి పుట్టిన మాటలు నడిచి నడిచి ఇవాళ సబ్బుల ప్రకటనల దాకా వచ్చాయి. ఇదంతా పట్నపు సోకు అని తీసిపారేసేవాళ్లు మన ఉపాధ్యాయుల్లో ఉన్నారు. మేము అలా అనం. ఆ స్త్రీలకు ఉన్న ఒక హక్కు మన అవ్వలకు ఎన్నడూ లేదు. వాళ్లు డబ్బు కట్టారు కాబట్టి ఫొటో వాళ్లది. నచ్చకపోతే తీసేయమనొచ్చు, ఎవరికీ చూపకుండా బీరువాలో పెట్టుకోవచ్చు. అయితే అక్కడ కూడా ముందు గంటసేపు మేకప్, ఆ తర్వాత పొట్ట కనపడకుండా నిలబడే పద్ధతి నేర్పుతారు. ఒంటిని దాచి, దాచిన ఒంటిని మెచ్చుకుంటే ఆ మెప్పు ఎవరికి చెందుతుందో మాకు అర్థం కాలేదు.

మన దగ్గరికి వద్దాం. 1857 తిరుగుబాటు తర్వాత తాము ఏలుతున్న జనం ఎవరో తెలుసుకోవాలని ఆంగ్ల ప్రభుత్వం 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అనే పేరుతో 1868 నుంచి 1875 వరకు ఎనిమిది సంపుటాలు అచ్చువేసింది. 468 ఫొటోలు. కులం, తెగ, మతం వారీగా మనుషులు. మొక్కల పుస్తకంలో ఆకులు అతికించినట్టు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. ఆయన మనుషుల ముక్కు పొడవు, వెడల్పు కొలిచి లెక్కలు వేసేవాడు. ఆ లెక్కల పట్టికల పక్కన ఉండే ఫొటోలో మనిషి నవ్వుతుందని అనుకోలేం.

అదే కాలంలో మన హైదరాబాదులోనే ఇంకొక సంగతి జరిగింది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లో జనానా స్టూడియో తెరిచాడు. పరదాలో ఉండే పెద్దింటి స్త్రీలు మగవాళ్ల కంటపడకుండా వచ్చి ఫొటో దిగడానికి అది ఏర్పాటు. కెమెరా పట్టేది కూడా స్త్రీయే, కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల వనిత. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పరదా ఇంటి స్త్రీకి ముఖం చూపకపోవడం గౌరవం. ఆమె గౌరవం కోసం గోడలు కట్టారు, ఆడ ఫొటోగ్రాఫర్‌ను పెట్టారు, దిగిన బొమ్మను ఇంటికి పంపారు. అడవిలోని స్త్రీని మాత్రం ఎవరు పడితే వాళ్లు, ఎట్లా పడితే అట్లా తీసి పుస్తకంలో పెట్టవచ్చు. ఆమెకు సిగ్గు ఉంటుందని ఎవరికీ తోచలేదు. ఆమె భుజం మీద బట్ట లేకపోతే అది 'సహజత్వం' అయింది.

జనానా స్టూడియో గొప్పదని మేము చెప్పడం లేదు. పరదా కూడా ఒక బందీఖానే. కానీ ఒక స్త్రీ బెరుకు లేకుండా కెమెరా ముందు నిలబడాలంటే ఏమేం కావాలో ఆ స్టూడియో కట్టినవాళ్లకు తెలుసు. తెలిసి, కొందరికే కట్టారు.

హైమన్‌డార్ఫ్ సంగతి వేరు. ఆయన మీద మాట తూలడం మాకు కష్టం. ఎందుకంటే మా ఉద్యోగాల వేరు ఆయన దగ్గరే ఉంది. 1939లో ఆస్ట్రియా నుంచి హైదరాబాదు రాజ్యానికి వచ్చి, యుద్ధం మొదలై శత్రుదేశపు మనిషిగా ఇక్కడే నిలిచిపోయాడు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తర్వాత ఆదిలాబాదు గోండుల మధ్య పనిచేశాడు. మార్లవాయిలో ఆయన, భార్య బెట్టీ కాపురమున్నారు. 1943 ప్రాంతంలో అక్కడే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. బెట్టీ 1987లో హైదరాబాదులో చనిపోయింది, ఆయన 1995లో లండన్‌లో. ఇద్దరి సమాధులూ మార్లవాయిలోనే ఉన్నాయి, ఏటా జనవరి 11న ఊరు వాళ్లను తలచుకుంటుంది. చెంచులు, కొండరెడ్లు, రాజ్‌గోండుల మీద ఆయన రాసిన పుస్తకాలు మనకు ఆధారాలు. ఆయన తీసిన వేల ఫొటోలు లండన్ విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల కళాశాల దాచింది. ఇప్పుడు ఫోన్‌లోనే చూడవచ్చు.

ఒక సెలవు రోజున మేము ఆ ఫొటోలు ఫోన్‌లో తెరిచి మా ఊళ్లో ఒక అవ్వకు చూపించాం. ఎనభై దాటిన మనిషి. మేము ఆ ఫొటోల్లో చూసింది వేరు, ఆమె చూసింది వేరు. రవికె లేని భుజాలు చూసి మేము ఒకటి రెండు ఫొటోలను తొందరగా జరిపాం. ఆమె ఆపమన్నది. "ఏందే, గట్ల ఉరుకుతున్నవ్?" అన్నది. ఫోన్‌ను కళ్ల దగ్గర పెట్టుకొని మెడలోని పూసలు లెక్కబెట్టింది. కడియాలు చూసి, కలిగినింటి పిల్ల అన్నది. ఒక ఫొటోలో ఆడమనిషి చెయ్యి సగం లేచి ఆగిపోయి ఉంది. "పనిల ఉన్నదాన్ని పిలిచి నిలబెట్టిండ్రు, చేతికి ఇంకా దుమ్మే ఉన్నది సూడు" అన్నది. ఇంకొకటి చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "గీమె పేరేంది?" అని అడిగింది. కింద ఏముందో చదివాం. తెగ పేరు. ఊరు. సంవత్సరం.

ఆ ప్రశ్నకు జవాబు మా దగ్గర లేదు.

హైమన్‌డార్ఫ్ ఫొటోల్లో ప్రేమ లేదని ఎవరూ అనలేరు. మనుషులు కెమెరాకు బెదిరి నిలబడ్డట్టు ఉండరు. చాలామంది నవ్వుతున్నారు, అలవాటైన మనిషిని చూసినట్టు చూస్తున్నారు. ఊళ్లో ఏళ్లతరబడి ఉండి తీసిన ఫొటోకూ, జాతరకు కారులో వచ్చి తీసిన ఫొటోకూ తేడా ఇక్కడ కనిపిస్తుంది. అయినా ఆ ఫొటోలు మన గురించి తీసినవే కానీ మన కోసం తీసినవి కావు. మన ఇళ్ల గోడల మీద ఆ ఫొటోల్లో ఎన్ని ఉన్నాయి? మేము పోయిన ఇళ్లలో ఒక్కటీ చూడలేదు. పాతకాలపు ఫొటో అంటే మన ఇళ్లల్లో ఉండేది రేషన్ కార్డు మీది బొమ్మ, లేదా మనిషి పోయాక దానిని పెద్దది చేయించి దండ వేసినది.

సునీల్ జానా గురించి కూడా చెప్పాలి. 1943 బెంగాల్ కరువును ఫొటోలు తీసి లోకానికి చూపినవాడు, కమ్యూనిస్టు. వెరియర్ ఎల్విన్‌తో కలిసి తిరిగి ఆదివాసుల ఫొటోలు తీశాడు. అవి 1993లో పుస్తకంగా వచ్చాయి. గొప్ప ఫొటోలు. కెమెరా కింది నుంచి పైకి చూస్తుంది, వెనుక ఆకాశం, ముందు ఒక నల్లని యువతి శిల్పంలాగ. ఆ నలుపు మీద వెలుతురు పడ్డ తీరు చూస్తే మన పిల్లలకు చూపించాలనిపిస్తుంది. నలుపు ఇంత అందంగా ఉంటుందా అని వాళ్లు అనుకుంటారు. వెంటనే ఇంకొకటి కూడా అనిపిస్తుంది. తరగతి గదిలో మగపిల్లల ముందు ఆ పేజీ తెరవగలమా? తెరవలేం. ఆ యువతి కాలంలో, ఆ ఊళ్లో సిగ్గు కాని సంగతి పుస్తకంలోకి ఎక్కి, పట్నం చేరి, గ్లాసు బల్లల మీద పడ్డాక వేరే సంగతి అయింది. దానికి బాధ్యత ఫొటోగ్రాఫర్‌దా, చూసేవాళ్లదా అని విమర్శకులు వాదించుకుంటారు. మాకు తట్టిన సంగతి చిన్నది. ఆ పుస్తకం ఆ యువతి కూతురి చేతికి వస్తే ఆమె దాన్ని దేవుడి పక్కన పెడుతుందా, పెట్టె అడుగున దాస్తుందా?

ఇవాళ్టికి వస్తే నాగోబా జాతర చూడండి. పుష్య మాసంలో కేస్లాపూర్‌లో మెస్రం వంశపు కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ ఉంటుంది. తెల్లచీరలు కట్టి, ముఖం కప్పుకొని, పెద్దల వెంట వచ్చి మొక్కుతారు. అది వాళ్లకూ దేవుడికీ మధ్య ఉండే సంగతి. చుట్టూ ఎన్ని కెమెరాలు! పక్కకు వంగి, కింద కూర్చుని, ముసుగు సందులో ముఖం దొరుకుతుందేమోనని చూస్తారు. తెల్లారి పేపరులో మంచి ఫొటో వస్తుంది. పేరు ఉండదు. మన మగవాళ్ల సంగతి కొంత మేలు. గుస్సాడీ ఆడిన మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది, ఆయన ముఖానికి పేరు దొరికింది. నెమలి ఈకల టోపీ కింద కూడా ఒక మనిషి ఉన్నాడని లోకానికి తెలిసింది. మన స్త్రీల ముఖాలకు ఆ పాటి కూడా దక్కలేదు.

ఇక స్టూడియోలు. బొగ్గు బాయిల ఊళ్లలో, మంచిర్యాలలోనూ బెల్లంపల్లిలోనూ మందమర్రిలోనూ, మా చిన్నప్పటి స్టూడియో ఎట్లా ఉండేదో మా వయసువాళ్లకు గుర్తుంటుంది. ముందు గదిలో అద్దం, దువ్వెన, పౌడర్ డబ్బా. లోపల తాజ్‌మహలో, తోటో గీసిన తెర. మేము టీటీసీ చేరేటప్పుడు ఫొటోకు పోతే స్టూడియో అతను మా ముఖం చూసి మాట్లాడకుండా డబ్బా ముందుకు జరిపాడు. రాసుకున్నాం. ఆ ఫొటో ఇంకా ఉంది. ముఖం తెల్లగా, మెడ నల్లగా, రెండు మనుషులను కలిపి కుట్టినట్టు. చదువుకున్నన్ని రోజులూ ఆ గుర్తింపు కార్డు ఎవరికీ చూపేవాళ్లం కాదు. 1975 నుంచి అమ్మిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' క్రీము పేరును 2020లో 'గ్లో అండ్ లవ్లీ' అని మార్చారు. పౌడర్ డబ్బా కూడా అట్లాగే పేరు మార్చుకొని ఫోన్‌లోకి దూరింది. దాన్ని ఇప్పుడు బ్యూటీ ఫిల్టర్ అంటున్నారు.

ఈ తెల్లదనం కెమెరాలో కూడా ఉంది. మనం మన ముఖాన్నే తిట్టుకుంటాం కాబట్టి ఇది పిల్లలకు చెప్పాలి. రంగుల ఫొటోలు వచ్చిన కొత్తలో కొడాక్ కంపెనీ లాబులకు ఒక నమూనా ఫొటో పంపేది. అందులో తెల్లజాతి స్త్రీ ఉండేది. మొదట దిగిన అమ్మాయి పేరు మీద దాన్ని షెర్లీ కార్డు అన్నారు. ఆమె ముఖం సరిగా వస్తే మెషిన్ సరిగా ఉన్నట్టు. నల్లని ముఖాలు ఎట్లా వస్తున్నాయో చాలా ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. చాక్లెట్లు, చెక్క సామాను అమ్మే కంపెనీలు తమ సరుకు రంగులు సరిగా రావడం లేదని గొడవ చేశాకే గోధుమరంగు, ముదురు రంగులు బాగా వచ్చేలా ఫిల్మును దిద్దారని ఆ కంపెనీలో పనిచేసినవాళ్లే తర్వాత చెప్పారు. 2021లో గూగుల్ తన ఫోన్ కెమెరాను నల్లని చర్మం సరిగా వచ్చేలా సరిచేశామని ప్రకటించింది. అంటే అప్పటిదాకా సరిగా లేదన్నమాట.

ఇంకొక చిన్న సంగతి. కెమెరా తాను చూసిన దృశ్యమంతటినీ కలిపి మధ్యస్థపు బూడిదరంగు అనుకొని వెలుతురు లెక్క వేస్తుంది. వెనుక తెల్ల దుప్పటి ఉంటే, అబ్బో చాలా వెలుతురుంది అనుకొని మొత్తం తగ్గిస్తుంది. అప్పుడు మన ముఖం బొగ్గు అవుతుంది. ఆ తర్వాత కంప్యూటర్‌లో దాన్ని తెల్లగా రుద్దుతారు. మొదటి తప్పు దుప్పటిది. మట్టిగోడ ముందు, ఆకుపచ్చ చెట్టు ముందు, వరండా నీడలో ముఖం బయటి ఆకాశం వైపు పెట్టి నిలబెట్టండి. ఫోన్ తెర మీద ముఖం దగ్గర వేలితో తాకి, ముఖం మరీ తెల్లబడితే కొంచెం కిందికి జరపండి. ఫ్లాష్ వద్దు. నలుపు నలుపుగానే, మెరుపుతో వస్తుంది. ఇది తెలిశాక ఒక పిల్ల "అయితే నాది తప్పు కాదా మేడం?" అని అడిగింది.

పశ్చిమ ఆఫ్రికాలో, ఇప్పటి మాలి దేశంలో, సేదూ కీతా అనే ఫొటోగ్రాఫర్ 1948లో బమాకో పట్టణంలో స్టూడియో పెట్టాడు. అప్పటికి అది ఇంకా ఫ్రెంచివాళ్ల పాలనలో ఉంది. ఆయన మొదట వాడిన తెర తన మంచం మీది దుప్పటే. తెల్లది కాదు, పూలూ అల్లికలూ ఉన్నది. స్త్రీలు తమ గీతల బట్టలతో ఆ పూల తెర ముందు కూర్చుంటే బట్టా తెరా కలిసిపోయి ముఖమూ చేతులూ ముందుకు వస్తాయి. గడియారం, రేడియో, స్కూటరు కూడా స్టూడియోలో ఉండేవి. ఎవరికి ఏది కావాలంటే అది పట్టుకొని దిగేవాళ్లు. ఫొటో ఇంటికి తీసుకుపోయేవాళ్లు. ఏలేవాళ్ల ఫొటోల్లో ఆ దేశపు మనుషులు తెగలు. కీతా ఫొటోల్లో వాళ్లు పట్నవాసులు, కొత్త పెళ్లికూతుళ్లు, స్నేహితురాళ్లు. చర్మం అదే.

బ్రిటన్‌లో జో స్పెన్స్ అనే ఆమె కథ ఇంకా దగ్గరగా తాకింది. ఆమె కూలి పని చేసుకునే కుటుంబంలో పుట్టింది. మన ఊరి స్టూడియోల్లాగానే పెళ్లిళ్లు, పిల్లల ఫొటోలు తీసే స్టూడియో లండన్‌లో నడిపింది. 1982లో ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్‌కు ముందు ఆమె తన రొమ్ము మీద, ఇది తన సొత్తేనా అని అడుగుతూ సిరాతో రాసుకొని ఫొటో దిగింది. అందంగా కనపడాలని దిగిన ఫొటో కాదు అది. డాక్టర్లు తన మాట వినకుండా తన ఒంటి మీద నిర్ణయాలు చేస్తుంటే, ఒళ్లు ఎవరిదని అడగడానికి దిగింది. తర్వాత రోజీ మార్టిన్ అనే ఆమెతో కలిసి, ఫొటోలు దిగడం ద్వారా మనసులోని గాయాలను చూసుకునే పద్ధతిని తయారుచేసింది. అందులో ఒక నియమం మాకు నచ్చింది. దిగే మనిషే ఎట్లా దిగాలో చెబుతుంది, తీసే మనిషి ఆ మాట ప్రకారం నడుచుకుంటుంది. ఒంటి మీద ధైర్యం గురించి మాట్లాడే చాలామంది ఈ భాగాన్ని వదిలేసి మేకప్‌ను ఉంచుకున్నారు.

మన దేశంలోనే గౌరీ గిల్ చేసిన 'బాలికా మేళా' ఉంది. 2003లో రాజస్థాన్ ఎడారి ప్రాంతంలోని లూణ్‌కరణ్‌సర్‌లో ఆడపిల్లల కోసం ఒక జాతర జరిగింది. ఉర్ముల్ సేతు అనే సంస్థ జరిపింది. గౌరీ గిల్ అక్కడ ఒక గుడారంలో చిన్న స్టూడియో పెట్టింది. కావలసినవాళ్లు వచ్చి, ఎవరితో కావాలంటే వాళ్లతో, ఎట్లా నిలబడాలనుకుంటే అట్లా నిలబడి ఫొటో దిగారు, తర్వాత తక్కువ ధరకు కొనుక్కున్నారు. కొందరు ఫొటో తీయడమూ నేర్చుకున్నారు. 2012లో ఇది పుస్తకమైంది. ఆ ఫొటోల్లో నవ్వే పిల్లలు తక్కువ. కోర్టులో సాక్షి నిలబడ్డట్టు నిటారుగా, ముక్కుసూటిగా చూస్తారు. నవ్వమని ఎవరూ అనకపోతే ఆడపిల్ల ముఖం ఎట్లా ఉంటుందో అక్కడ చూశాం. ఆ పుస్తకం మీద మాకు ఒక ఫిర్యాదు కూడా ఉంది. చివరికి ఫొటోగ్రాఫర్ పేరే అట్ట మీద ఉంటుంది, పుస్తకం దూరదేశంలో అచ్చవుతుంది. ఆ పిల్లల ఇళ్లకు పోయింది ఒక్కొక్క ఫొటో మాత్రమే.

అయినా మేము దాన్నే నమూనాగా తీసుకున్నాం. పోయిన ఏడు శనివారాల్లో, మధ్యాహ్నం తర్వాత, వరండా చివర మట్టిరంగు గోడ దగ్గర పిల్లలకు ఫొటో దిగే వీలు కల్పించాం. కెమెరా మా ఫోనే. ఇష్టమున్నవాళ్లే రావాలి. ఎట్లా నిలబడాలో వాళ్లే చెప్పాలి. మగవాళ్లు ఎవరూ ఉండరు. ఫిల్టరు లేదు. ముద్రించిన ఫొటో వాళ్లకే.

మొదటి వారం ముగ్గురు వచ్చారు. తర్వాత వరుస కట్టారు. ఒకామె కబడ్డీ కూత పెడుతున్నట్టు వంగి దిగింది. ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఒకరి జడ ఒకరు పట్టుకొని దిగారు. చేతి మీద కాలిన మచ్చ ఉన్న పిల్ల ఎప్పుడూ పొడుగు చేతుల జాకెట్ వేసుకుంటుంది. ఆమె చెయ్యి పైకి మడిచి, మచ్చ కనపడేలా గోడకు ఆనించి, "గిట్ల తీయండి" అన్నది. మేము ఆశ్చర్యపోయి అడిగితే, "ఎట్లుంటదో నేను ఎన్నడు మొత్తం చూడలే" అన్నది. నుదుటి మీద, గడ్డం మీద పచ్చబొట్లున్న ఒక గోండు పిల్ల దగ్గరగా తీయించుకుంది. ఆ చుక్కలు పొడిచింది తోటి తెగ అవ్వ అని, అప్పుడు ఏడ్చానని చెప్పింది. ఫోన్ ఫిల్టర్లు ఆ చుక్కలనే మచ్చలనుకొని తుడిచేస్తాయి. ఒకమ్మాయి వెనక్కి తిరిగి నిలబడి జుట్టు మాత్రమే తీయమన్నది. ముఖం వద్దా అంటే వద్దన్నది. ముగ్గురు నలుగురు ఎన్ని వారాలైనా రాలేదు. పిలవలేదు.

అందరికీ ధైర్యం వచ్చిందని రాయలేం. ఇద్దరు ఫొటో చూసి, ఇంత నల్లగున్నానా అని ఏడ్చారు. ఒకామె చింపేసింది. ఆమె ఫొటో, ఆమె ఇష్టం. మళ్లీ పోయిన నెల వచ్చి ఇంకొకటి దిగుతానన్నది. ఎందుకని మేము అడగలేదు.

మా తప్పు ఒకటి జరిగింది. ఫొటోలు బాగున్నాయన్న సంబరంలో ఐదారింటిని ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో పెట్టాం. పిల్లలను అడగలేదు. అక్కడి నుంచి ఒకటి ఎవరి ద్వారానో బయటికి పోయి, ఒకమ్మాయి మేనమామ ఫోన్‌లోకి చేరింది. ఊళ్లో మాటలు వచ్చాయి. తల్లి పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చి వరండాలో నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. "ఫొటో దిగింది నా బిడ్డ. మంచిగనే దిగింది. పంపింది మీరు" అన్నది. మా దగ్గర మాట లేదు. నూటయాభై ఏళ్లుగా జరుగుతున్నదని పైన ఇంత రాశాం కదా, అదే పని మేమూ చేశాం. గ్రూపులో తుడిచేశాం, అందరినీ తుడిచేయమన్నాం. ఎవరు తుడిచారో ఎవరు తుడవలేదో చూసుకునే దారి లేదు. అప్పటి నుంచి తీసిన ఫొటో ముద్రణకు ఇవ్వగానే ఆ పిల్ల ముందే ఫోన్‌లోంచి తీసేస్తున్నాం. బటన్ ఆమే నొక్కుతుంది. ఇదే పని మొదలుపెట్టాలనుకునే ఉపాధ్యాయులు ఈ చివరి సంగతిని ముందు పెట్టుకోవాలి. వెలుతురు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఆ అమ్మాయి తర్వాత బడి మానేసి ఇంటికి పోయింది. పెళ్లి మాటలు నడుస్తున్నాయని విన్నాం. ఆమె ముద్రిత ఫొటో కవరులో పెట్టి మా బీరువాలో ఉంది. పసుపురంగు చున్నీ, కాస్త పక్కకు వంచిన తల, చేతిలో ఎవరివో అరువు తెచ్చిన కళ్లజోడు. పోయిన అంగడినాడు తల్లి కనిపిస్తే కవరు సంగతి చెప్పాం. "వచ్చే సోమారం నేనే వస్త, ఎవ్వలకు ఇయ్యకుండ్రి" అన్నది.